దుడ్లు కట్టి సుగ్గికి

"దుడ్లు మనమే కట్టి సుగ్గికి పోవాల్నా? ఇదేం సుగ్గి మే?" అంది మా అమ్మ.

2024 దసరా సెలవులు. బెంగళూరు నుంచి మా అమ్మాయి వచ్చింది. వరండాలో చాప పరుచుకుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని, ఆస్ట్రేలియా వెళ్ళే సంగతి వాళ్ళ అవ్వకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తోంది. ఒక ఏడాది ఉండొచ్చు. తిరగొచ్చు. చేతిలో డబ్బు అయిపోతే ఏదో ఒక పని చూసుకోవచ్చు. హోటల్లో గిన్నెలు కడగొచ్చు, తోటల్లో పండ్లు కోయొచ్చు. ఆ వీసా పేరులోనే పని, సెలవు రెండూ ఉన్నాయి. అంతా విని అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది.

ఈ పత్రిక చదివేవాళ్ళలో సుగ్గి అంటే తెలియని వాళ్ళు ఉండవచ్చు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల, వానలు ముఖం చాటేశాక ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు పత్తికి, మిరపకాయలకి పోవడాన్ని సుగ్గికి పోవడం అంటాం. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల పండగ. సరిహద్దు దాటి మా వైపు వచ్చేసరికి పండగ పోయి కోత మాత్రం మిగిలింది. అదీ మన పొలంలో కోత కాదు. దీపావళి దాటాక పోయినవాళ్ళు ఉగాదికి తిరిగొచ్చేవారు. ఊళ్ళో ముసలివాళ్ళు, వాళ్ళకు అప్పజెప్పిన పిల్లలు మిగిలేవాళ్ళు. అట్లా మిగిలిన పిల్లల్లో నేనొకదాన్ని.

నేనిప్పుడు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. వలస మీద రెండు పరిశోధన పత్రాలు రాశాను. వాటిలో మా అమ్మ ఎక్కడా లేదు. ఉంటే గింటే 'వలస కూలీలలో స్త్రీలు' అనే ఉపశీర్షిక కింద ఉండి ఉంటుంది.

అమ్మాయి పథకం నాకు మొదట కోపం తెప్పించింది. ఆ కోపానికి నేను చెప్పుకున్న కారణాలు చాలా మర్యాదగా ఉన్నాయి. ఉద్యోగం పోతుంది, అప్పు మిగులుతుంది, ఒంటరి ఆడపిల్ల, పరాయి దేశం. అసలు కారణం వేరే. మిరప చేలల్లోంచి బయటపడడానికి మా ఇంట్లో రెండు తరాలు పట్టింది. అమ్మ చేతుల మంట చల్లారడానికి మజ్జిగ పూసిన పిల్లని నేను. నా కూతురు వేల మైళ్ళు విమానంలో వెళ్ళి, టొమాటోలు కోయడాన్ని అనుభవం అంటోంది! పల్లెకూలీ బతుకును సరదాగా రుచి చూడగలిగిన వర్గంలోకి మేము ఎప్పుడు చేరిపోయాం? చేరినందుకు సంతోషించాలా, సిగ్గుపడాలా తేల్చుకోలేక, కోప్పడ్డాను.

అది మాత్రం నింపాదిగా లెక్కలు చూపించింది. ఈ తరం పిల్లల దగ్గర ఒక సుగుణం, పోట్లాటలో కూడా పట్టిక వేసి చూపిస్తారు. భారత్, ఆస్ట్రేలియాల మధ్య 2022 ఏప్రిల్‌లో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో ఒక చిన్న అంశంగా ఈ వీసా వచ్చింది. సరుకుల మీద సుంకాల గురించి మాట్లాడుకుంటూ మధ్యలో మన పిల్లల యవ్వనాన్నీ ఒక పద్దు కింద రాసుకున్నారన్నమాట. 2024 అక్టోబర్ నుంచి తలుపు తెరిచారు. ఏడాదికి వెయ్యి మంది. అందుకు చీటీలు వేస్తారు. చీటీలో పేరు వేయించుకోవడానికి 25 డాలర్లు. పేరు వస్తే వీసా రుసుము ఆరువందల పైచిలుకు డాలర్లు. చేతిలో 5,000 డాలర్లు ఉన్నట్టు చూపించాలి, అంటే మూడు లక్షలకు కాస్త తక్కువ. తిరుగు టికెట్ డబ్బులు వేరే. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పని చేయకూడదు. నాలుగు నెలలకు మించి చదువుకోకూడదు. రెండో ఏడాది కూడా ఉండాలంటే, వాళ్ళు చెప్పిన ప్రాంతాల్లో, వాళ్ళు చెప్పిన పనులు మూడు నెలలు చేయాలి. ఆ పనుల్లో తోటపని ఒకటి. మా అమ్మాయి కాగితంలో బౌవెన్, బండబర్గ్, మిల్డ్యూరా అని ఊళ్ళ పేర్లు, ఎదురుగా మామిడి, టొమాటో, ద్రాక్ష అని, ఏ నెలలో ఏ కాపు వస్తుందో రాసి ఉంది. మా అమ్మ ఆ ఒక్క పేజీ మాత్రం చదివించుకుని మళ్ళీ చదివించుకుంది. మేస్త్రిలు కూడా ఇట్లానే చెప్పేవాళ్ళంట, ముందు పత్తి, తర్వాత కాయ అని.

బ్రిటన్‌లోనూ ఇలాంటిదే ఉంది. 2023 ఫిబ్రవరిలో మొదలైంది. మన వాళ్ళకు ఏడాదికి 3,000 చోట్లు, డిగ్రీ ఉండాలి, 2,530 పౌండ్లు చూపించాలి. అక్కడా చీటీలే. దాన్ని ఎందుకు వద్దనుకున్నావంటే, "అక్కడ చలి" అంది. ఇంత పెద్ద నిర్ణయాలకు ఇంత చిన్న కారణాలుండడం నాకు నచ్చింది. మగపిల్లలు ఎప్పుడూ అట్లాగే నిర్ణయించుకుంటారు కదా.

నేను ఆగిపోయింది షరతుల దగ్గర. వయసు 18 నుంచి 30. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ళ చదువు. వెంట పిల్లలు ఉండకూడదు. బ్రిటన్ వాళ్ళదైతే ఇంకా గట్టిగా, పోషించాల్సిన పిల్లలే ఉండకూడదు. ఈ మూడు షరతులూ మన దేశంలో ఏ స్త్రీకి సరిపోతాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 23.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయిపోయిందని తేలింది. మిగిలినవాళ్ళకు ఆ తర్వాతి పన్నెండేళ్ళలో పెళ్ళి, కాన్పు, మళ్ళీ కాన్పు. వీసా రాసిన గుమాస్తాకు ఇదేమీ తెలియనక్కర్లేదు. 'యువత' అని రాసుకున్నప్పుడు అతని కళ్ళ ముందున్నది వీపున సంచి వేసుకున్న ఒక కుర్రవాడు. ఆ కుర్రవాడు కూడా అందరికీ ఒకడు కాదు. ఆస్ట్రేలియా ఈ ఏర్పాటును 1975లో మొదలుపెట్టింది. బ్రిటన్ పిల్లలకు ఇప్పుడు 35 ఏళ్ళ దాకా అవకాశం, చీటీలు లేవు, లెక్కకు పరిమితి లేదు, 2024 జూలై నుంచి ఆ తోటపని షరతు కూడా లేదు. మా అమ్మాయికి 30, వెయ్యిలో ఒక చీటీ, మూడు నెలల పొలం పని. కూలి పనిలో కూడా పాస్‌పోర్టు రంగును బట్టి పీటలు వేస్తారు.

పిల్లలుండకూడదనే షరతు నన్ను 2002కి తీసుకెళ్ళింది. ఆ ఏడాది ఒక విదేశీ విశ్వవిద్యాలయంలో ఆరు నెలలు ఉండి రాసుకునే అవకాశం నాకు వచ్చింది. అమ్మాయికి ఐదేళ్ళు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఆయన "నీ ఇష్టం" అన్నారు. ఆ రెండు మాటలు విన్న ఆడవాళ్ళకు వాటి బరువు తెలుసు. పోతే వచ్చే కష్టాలన్నీ నీవే అని అర్థం. అయినా నేను ఆగింది ఆయన కోసం కాదు. అమ్మ సుగ్గికి బయలుదేరిన తెల్లవారుజాములు గుర్తొచ్చి ఆగాను. గోనెసంచిలో గిన్నెలు, రొట్టెల మూట, కోసిగి స్టేషన్, జేజి చేయి పట్టుకుని నేను. నా బిడ్డకు అట్లాంటి తెల్లవారుజాము ఉండకూడదనుకున్నాను. వెళ్ళనని ఉత్తరం రాశాను. ఆ త్యాగాన్ని మా అమ్మాయికి ఎన్నిసార్లు గుర్తుచేశానో లెక్కలేదు. ఈ దసరాకీ గుర్తుచేశాను.

"నువ్వు నాకోసం మానుకున్నానంటావు. నేనడిగానా అమ్మా? నువ్వు వెళ్ళొచ్చుంటే ఆరు నెలలు ఏడ్చి మర్చిపోయేదాన్ని. వెళ్ళలేదు కాబట్టి ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను" అంది అది.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాసేపటికి అమ్మ వచ్చి నా పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. ఓదార్చడానికి వచ్చిందనుకున్నాను. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ, తనలో తాను చెప్పుకున్నట్టు సుగ్గి గురించి చెప్పడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళలో నేను ఒక్కసారి అడగలేదు. నాకు తెలిసిన సుగ్గి నన్ను వదిలి వెళ్ళడం. తను వెళ్ళిన సుగ్గి నాకు తెలియదు.

మొదటిసారి సాగర్ కాలువ చూసిన రోజు చెప్పింది. మా ఊళ్ళో బిందెడు నీళ్ళకు బావి దగ్గర తన్నుకునేవాళ్ళు. "అన్ని నీళ్ళు ఒక్కసోట నేను సూడలేదు. దిగినదాన్ని పొద్దుగూకినా పైకి రాలేదు. మీ నాయన గట్టున నిలబడి కేకలేస్తా ఉండె. ఆడ మీ జేజి లేదు కదా, ఎవురికి సెప్తాడు?" ఆ మాటకు తనే నవ్వింది. రాత్రుళ్ళు పట్టలతో వేసుకున్న గుడిసెల ముందు ఆడవాళ్ళంతా కూర్చుని పాటలు పాడుకునేవాళ్ళంట. వంటకు అత్తగారి లెక్క లేదు. వెనక మాటలు మోసే చుట్టాలు లేరు.

ఇంకోటి చెప్పింది. మా ఊళ్ళో ఏ పనికైనా మగవాళ్ళకు ఒక కూలి, ఆడవాళ్ళకు అందులో సగానికి కాస్త ఎక్కువ. మిరపకాయ కోతకు మాత్రం కిలో లెక్క. కాటాకు ఆడా మగా తెలియదు. "మీ నాయన కంటే నేను దినామూ ఎక్కువ తూగేదాన్ని. అందురి ముందర మేస్త్రి పేరు పెట్టి పిలిచి సెప్పేటోడు." ఈ మాట చెప్పేటప్పుడు డెబ్భై రెండేళ్ళ మనిషి వెన్ను నిటారుగా అయింది. ఆ ఎక్కువ తూగినదాంట్లో ప్రతి ఏడూ కొంత, నాయనకు తెలియకుండా, లోపలి సంచిలో కుట్టుకుని తెచ్చేదంట. నా పదో తరగతి పరీక్ష ఫీజు, ఆదోనిలో హాస్టల్‌కి కొన్న ట్రంకుపెట్టె, ఆ సంచిలోవే. ఐదువందల పౌండ్ల సాలుసరి ఆదాయం, సొంత గది ఉంటే తప్ప స్త్రీ రాయలేదని 1929లో వర్జీనియా వుల్ఫ్ రాసిన పుస్తకాన్ని నేను ఏటా పాఠంలో ప్రస్తావిస్తాను. నా ఐదువందల పౌండ్లు ఎక్కడినుంచి వచ్చాయో నాకు యాభై దాటాక తెలిసింది.

ఇక్కడ నేను తడబడుతున్నాను. వలసను దుఃఖంగా తప్ప చూడని నా పత్రాలు తప్పనిపిస్తున్నాయి. అట్లాగని వలసలో స్వేచ్ఛ వెతికి మురిసిపోవడం అంతకంటే పెద్ద తప్పు. అమ్మ కాలువ గురించి చెప్పినంత సేపు ఇంకో సంగతి చెప్పలేదు. తమ గుంపులోని ఒక పిల్ల గురించి, "సేను ఆసామి కొట్టం కాడికి…" అని మొదలుపెట్టి, కాయ ఈనె తీయడంలో పడిపోయింది. నేనడగలేదు. మధ్యతరగతి ఇళ్ళలోంచి వచ్చిన మన స్త్రీవాద సాహిత్యంలో గడప దాటడం విముక్తి. దళిత బహుజన స్త్రీలు వచ్చి, మేము ఏనాడు గడప లోపల ఉన్నాం కనుక అని అడిగారు. రెండు మాటలూ నేను పాఠంగా చెప్పాను. ఒకే మనిషికి ఒకే ప్రయాణంలో గడప దాటిన సంబరమూ, దాటక తప్పని బాధా రెండూ ఉంటాయని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి మా ఇంట్లోనే ఉంది.

తెలుగు స్త్రీల ప్రయాణాలు మనకు కొత్త కాదు. పోతం జానకమ్మ 1873లోనే ఇంగ్లండు వెళ్ళి, చూసినది రాసుకుని, 1876లో మద్రాసులో ఇంగ్లిషులో పుస్తకం వేసింది. ఆమె వెంట భర్త ఉన్నాడు, దగ్గర డబ్బుంది. ఆమెను తలుచుకోవాల్సిందే. కానీ గుంతకల్లులో బండి మారి గుంటూరు చేరిన ఆడవాళ్ళు రాసుకోలేదు కనుక వాళ్ళవి యాత్రలు కాకుండా పోయాయి. వాళ్ళది వలస. చేతిలో పెన్ను ఉంటే యాత్ర, కొడవలి ఉంటే వలస అన్నట్టుగా మన సాహిత్య చరిత్ర సర్దుకుంది. మా అమ్మాయి వీపుసంచిలో రెండూ కలగలిసి ఉన్నాయి. నాకు చిరాకు పుట్టించింది అదేనేమో.

ఆ రాత్రి అమ్మ మనవరాలికి పాఠం చెప్పింది. కాటా దగ్గర నిలబడకుండా తూకం ఒప్పుకోవద్దంది. పని వానికి నచ్చలేదని రేటు తగ్గిస్తే మర్నాడే సంచి సర్దుకొమ్మంది. తిరిగొచ్చే ఛార్జీ దుడ్లు ఒంటి మీద ఉండాలి, మూటలో కాదు. పడుకునే చోట ఇంకో ఆడమనిషి ఉందా లేదా మొదటి రోజే చూసుకోవాలి. నీ కాగితం ఎవరి చేతిలో పెట్టొద్దు. అమ్మ చదువుకోలేదు, ఆమె పేరున ఒక కాగితం అంటూ పుట్టిందే ముసలితనంలో. అయినా పాస్‌పోర్టు గురించి ఆ ఒక్క మాటా ఎట్లా చెప్పగలిగిందో నాకు ఆశ్చర్యమేసింది.

అమ్మాయి నవ్వకుండా అన్నీ రాసుకుంది. దానికీ తెలుసు. వీసా కోసం తోటపని చేయక తప్పని పిల్లలను కిలోల లెక్కన పిండుకుంటున్నారని అక్కడ చాలా ఏళ్ళు గొడవ జరిగింది. చివరికి అక్కడి కార్మిక కమిషన్ నియమం మార్చింది. 2022 ఏప్రిల్ 28 నుంచి కిలోల లెక్కన పని చేయించినా గంటకు ఇంత అన్న కనీస కూలి తగ్గకూడదు. 2025 జూలైలో దేశంలో కనీస కూలి గంటకు 24.95 డాలర్లు అయింది. ఈ వీసా మీద పనిచేసేవాళ్ళకు మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను కూడా ఉంది. అమ్మను అందరిముందు నిటారుగా నిలబెట్టిన కిలో లెక్కే అక్కడ దోపిడీ అయింది. రెండూ నిజమే. కాటా ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

నా భయం ఇంకొకటి ఉంది, దాన్ని అమ్మ ముందు అనలేదు. 2016 ఆగస్టులో క్వీన్స్‌లాండ్‌లోని హోమ్ హిల్ అనే చిన్న ఊళ్ళో, ఇట్లా తోటపనికి వచ్చిన ఒక బ్రిటిష్ అమ్మాయిని హాస్టల్లోనే ఇంకో బస మనిషి పొడిచి చంపాడు. కాపాడబోయిన కుర్రవాడూ పోయాడు. నేను చదివి దాచుకున్నానని అమ్మాయికి తెలుసు. అది కూడా చదివింది. "బెంగళూరులో రాత్రి క్యాబ్ ఎక్కినప్పుడల్లా నీకు నంబర్ పంపుతాను కదమ్మా" అంది. సమాధానం కాదది. కాదని నేనూ అనలేదు.

అక్టోబర్ ఆఖరులో పేరు నమోదు చేసింది. మా మరిది, ఆ మూడు లక్షలు పెళ్ళికి ఉపయోగపడతాయి కదా వదినా అన్నాడు. అది ఆ డబ్బును తన పేరు మీదే డిపాజిట్ వేసింది. తర్వాత వేసవి దాకా ఎదురుచూసినా చీటీలో దాని పేరు రాలేదు. మళ్ళీ వేస్తానంటోంది. ముప్పై నిండడానికి ఇంకా టైముందని వేళ్ళ మీద లెక్కపెడుతుంది. ఆ లెక్క నాకు ఇష్టం లేకపోయినా నేనూ పెడుతున్నాను.

చీటీ సంగతి తేలకముందు, 2025 సంక్రాంతికి, అది వాళ్ళ అవ్వను కాలువ చూపించడానికి బయలుదేరదీసింది. నన్ను పిలవలేదు. నేనే సెలవు పొడిగించుకుని వెంటపడ్డాను. కొత్తగా కొన్న వీపుసంచి అలవాటు కావాలని ఆ మూడు రోజులూ దాన్నే మోసింది. అమ్మ మందులూ, దుప్పటీ, మరచెంబూ అందులోనే. నరసరావుపేట దాటాక ఒక మిరప చేను పక్కన అమ్మ కారు ఆపించింది. నీలం పట్టల గుడిసెలు. మాట విని, కోసిగి మనుషులే అని అమ్మ పసిగట్టేసింది. అయిదు నిమిషాల్లో వాళ్ళ ఊరి పేరు, ఇంటి పేరు, అత్తగారి ఊరు అన్నీ బయటకు తీసి, కిలోకు ఎంతిస్తున్నారని అడిగింది. విని, తన కాలంలో రేటు చెప్పి, ఇద్దరూ కలిసి ఆసామిని తిట్టుకున్నారు.

ఒక అమ్మాయి, ఇరవై దాటి ఉండదు, పక్కన పాక్కుంటున్న బిడ్డను కాలితో అడ్డుకుంటూ కాయ కోస్తోంది. మా అమ్మాయి సంచిని చూసి, "అంత మూటేసుకుని యాడికి పోతాండావక్కా?" అంది.

మా అమ్మాయి తడుముకుంది. ఇంజనీరునని చెప్పలేకపోయింది. "ఇంకా పోలేదు. ఆస్ట్రేలియా అని, చానా దూరం. ఆడ పండ్లు కోసే పనికి" అంది చివరికి.

ఆ పిల్లకు అందులో వింతేమీ కనిపించలేదు. కోసిన కాయలు గంపలో వేసి, తల ఎత్తి అడిగింది.

"పిల్లోల్లని తోడుకొని పోనిస్తారా అక్కా?"